చెమటకు చందనం పూసే ఉద్యోగం

ప్రదర్శనశాలలు తీర్చిదిద్దే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని. ముక్కు, చెవి, చర్మం సరిగా పనిచేయాలా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. వాళ్లను తప్పుపట్టను. ఈ రంగంలో పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు అవేవీ పనిచేయకపోయినా రోజు గడిచిపోతుందని నేను కళ్లారా చూశాను.

నా పేరు సుభద్ర. మాది కాకినాడ. విశాఖపట్నంలో బొమ్మలు వేయడం నేర్చుకున్నాను. పెళ్లయ్యాక మావారి ఉద్యోగం వెంట దుబాయ్ వచ్చి, అల్ ఖూజ్ ప్రాంతంలో ప్రదర్శనలు తయారుచేసే ఒక కంపెనీలో చేరాను. మ్యూజియాలకు, మాల్స్‌కు, సంబరాలకు కావలసిన గోడలు, బొమ్మలు, వెలుగులు, చప్పుళ్లు అన్నీ మా షెడ్డులోనే తయారయ్యేవి. ఇప్పుడు రిటైరయ్యాను. మావారు ఇంకా బడిలో లెక్కలు చెబుతున్నారు కాబట్టి దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లోనే ఉంటున్నాం.

నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. అవి నాకు తప్ప ఎవరికీ పనికిరావు. ఒక్క ప్రదర్శన గురించి మాత్రం రాస్తాను. ఈ ఉద్యోగం అసలు రంగు అందులో పూర్తిగా బయటపడింది.

గ్రీకులు మా షెడ్డుకు రావడం

కరోనా ఆంక్షలు ఎత్తేశాక జనం ఇళ్లలోంచి ఒక్కసారిగా బయటపడ్డారు. తెరల మీద చూసి చూసి విసిగిపోయారని, ఇక వాళ్లకు కావలసింది ‘అనుభూతి’ అని మా రంగంలో పెద్దలు తేల్చారు. ఆ ముక్క పట్టుకుని ఊరేగారు. వాచీల ప్రదర్శన పెట్టినా అనుభూతే, ఖర్జూరాల ప్రదర్శన పెట్టినా అనుభూతే. అనుభూతి అంటే ఏమిటని అడిగితే మాత్రం, చీకటి గదిలో నీలం లైటు అని తెలిసేది.

మా ముదీర్ చక్రధర్ గారు విజయవాడ మనిషి. ఇక్కడ మేనేజరును ముదీర్ అనే అంటారు. ఆయన ఏ పుస్తకమూ చివరిదాకా చదివినట్టు నేను చూడలేదు కానీ, అట్ట మీది బొమ్మను బట్టి గంటసేపు మాట్లాడగలరు. ఒకరోజు పొద్దున్నే నన్ను పిలిచారు.

“మేడమ్, పెద్ద వర్క్ వచ్చిందండి. పాతకాలం గ్రీకు, రోమన్ ఆటగాళ్లు. ఊరికే చూసి పోవడం కాదండి. వాసన రావాలి, వినపడాలి, వొంటికి తగలాలి. క్లయింట్ అదే అడుగుతున్నారు.”

నిజం చెప్పాలంటే సంతోషించాను. అప్పటిదాకా నన్ను అడిగిందల్లా ఇంకాస్త బంగారు రంగు వేయమనే. దొరికిందల్లా తెప్పించుకుని చదివాను. చదివిన కొద్దీ తెల్లటి పాలరాతి విగ్రహాల గ్రీకులు మాయమైపోయారు. ఒలింపియాలో పోటీలు మండుటెండల్లో జరిగేవి. తాగే నీళ్లకు కటకట. ఈగలు ఎంతగా ముసిరేవంటే, వాటిని తోలిపెట్టమని దేవుడికి బలి ఇచ్చేవారట. బలిపీఠం మీద ఎద్దుల కొవ్వు కాలిన పొగ మైదానమంతా పరుచుకునేది. ఆటగాళ్లు వొళ్లంతా ఆలివ్ నూనె రుద్దుకుని పైన సన్నటి మట్టి చల్లుకునేవాళ్లు. ఆట ముగిశాక ఆ నూనె, మట్టి, చెమట కలిసిన మడ్డిని వంపు తిరిగిన లోహపు బద్దతో వొంటి మీంచి గీకేసేవాళ్లు. ఆ మడ్డినీ వదిలేవాళ్లు కాదు. వ్యాయామశాలల్లో పోగుచేసి మందుగా అమ్మేవాళ్లు. వాపులకు, కీళ్లనొప్పులకు జనం దాన్ని పట్టు వేసుకునేవాళ్లు. దూకేవాడు దూకుతుంటే పక్కన ఒకడు జంట పిల్లనగ్రోవులు ఊదేవాడు. రోమన్ల స్నానశాలల్లో అయితే బరువులెత్తేవాళ్ల మూలుగులు, వొళ్లు మర్దించేవాడి అరచేతి చప్పుళ్లు, బంతాట లెక్కపెట్టేవాడి గొంతు, అన్నీ ఒకే కప్పు కింద మోగేవి.

ఆటగాళ్లు నగ్నంగా ఆడేవాళ్లు. ఆ ఒక్క విషయంలో ఉన్నదున్నట్టు చూపించాలని నేను పట్టుబట్టలేదు.

ఇదంతా చెబితే చక్రధర్ గారు తల ఊపుతూ విన్నారు.

“చాలా రిచ్‌గా ఉందండి. ఆ కంపు ఒక్కటి తీసేసి మిగతాది పెట్టేద్దాం.”

“కంపు తీసేస్తే మిగిలేదేముందండీ?”

“లైటింగ్ ఉంటుందిగా.”

వాసనల విభాగం నాకు ఇవ్వలేదు. దానికి బయటినుంచి ఒక నిపుణుణ్ణి తెచ్చారు. పేరు ఇంతియాజ్. నెల్లూరు మనిషి. వాళ్ల తాతల నాటినుంచి అత్తరు వ్యాపారం. ఇతను విదేశాల్లో చదివి, పెద్ద పెద్ద హోటళ్ల హాళ్లలో పీల్చగానే ఖరీదు తెలిసే సువాసనలు తయారుచేసి పేరు సంపాదించాడు. ‘సువాసన దర్శకుడు’ అని పోస్టర్ల మీద పేరు వేస్తారు. మాట్లాడేటప్పుడు కళ్లు మూసుకుంటాడు. నన్ను మొదటిరోజే అక్కా అన్నాడు. నాకు మొదటిరోజే నచ్చలేదు.

ఈగలు

చప్పుళ్లు మాత్రం నా చేతిలోనే ఉన్నాయి. చేపల మార్కెట్టు దగ్గర పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడి ఈగల రొద రికార్డు చేయించాను. ప్రదర్శన జరిగే హాలు పైకప్పులో చిన్న చిన్న స్పీకర్లు దాచి, ఆ రొద ఒక మూలనుంచి ఇంకో మూలకు తిరిగేటట్టు పెట్టాం. పరీక్షగా కొందరిని లోపలికి పంపితే, వాళ్లు నడుస్తూ నడుస్తూ చెవుల దగ్గర చేతులు విదిలించుకోవడం మొదలుపెట్టారు. అది చూసి నాకు కలిగిన ఆనందం ఏ ప్రమోషన్‌లోనూ కలగలేదు.

కాసేపటికి ఆ భవనం శుభ్రత చూసే సూపర్‌వైజరు వచ్చాడు. అతని వెనక మందు డబ్బాలు వీపుకు తగిలించుకుని ఇద్దరు మనుషులు. చక్రధర్ గారు ఎదురెళ్లి, ఈగలు లేవు నాయనా, అది రికార్డు చేసిన చప్పుడని హిందీలో నచ్చజెప్పారు.

“ఆవాజ్ హై తో మఖ్ఖీ భీ హోగీ, సార్,” అన్నాడు సూపర్‌వైజరు. చప్పుడుంటే ఈగ కూడా ఉండి తీరాలని అతని వాదన. మందు కొట్టించాకే వెళ్లాడు.

మర్నాడు క్లయింటు తరఫున వ్యవహారం చూసే ఆవిడ వచ్చింది. ఎప్పుడూ తెల్ల సూటులోనే ఉండేది కాబట్టి మేము వెనక తెల్లకోటమ్మ అనుకునేవాళ్లం. ఈగలు తీసేసి సముద్రపు అలల హోరు పెట్టమంది. ఒలింపియాకు సముద్రం వినపడేంత దగ్గరలో లేదని చెప్పాను.

“సందర్శకులకు గ్రీసు అంటే సముద్రమే. వాళ్లను మీరు సరిదిద్దుతారా?” అంది.

అలలు పెట్టాం. చేతులు విదిలించుకున్నవాళ్లు లేరు. మెచ్చుకున్నవాళ్లు చాలామంది.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఈ పనిలో నిజం బాగా కుదిరిన రోజు ఫిర్యాదు వస్తుంది. అబద్ధం కుదిరిన రోజు పూలగుత్తి వస్తుంది. మీకు ఏది కావాలో ముందే తేల్చుకోండి. మధ్యలో తేల్చుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు.

షెడ్డు వెనక మట్టి

మా షెడ్డులో మల్లేశం అని వడ్రంగి ఉండేవాడు. నిజామాబాద్ దగ్గర పల్లె. ఊళ్లో జాతర కుస్తీల్లో వెండి కడియం గెలిచిన మనిషి. ఇక్కడ కూడా సెలవు రోజున దుబాయ్‌లోనే దేరా వైపు ఇసుకలో జరిగే కుస్తీలకు వెళ్లేవాడు. అక్కడే అతనికి అఫ్జల్ అనే పాకిస్తానీ పికప్ డ్రైవరుతో స్నేహం కుదిరింది. మల్లేశానికి తన మీసాల మీద విపరీతమైన శ్రద్ధ. మాట్లాడుతూ మాట్లాడుతూ కిటికీ అద్దంలో చూసుకునేవాడు. ప్రదర్శనలో సందర్శకుల ముందు కుస్తీ చేసి చూపించాలంటే ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

ఒక శీతాకాలపు మధ్యాహ్నం షెడ్డు వెనక ఖాళీ స్థలంలో సన్నటి ఇసుక, ఎర్రమట్టి కలిపి పోయించాను. ఆలివ్ నూనె డబ్బా ఇచ్చి వొంటికి రాసుకోమన్నాను.

“నూనె ఎందుకు మేడం? మేం ఉత్త మన్నులనే పడ్తం,” అన్నాడు మల్లేశం.

“గ్రీకు వస్తాదులు రాసుకునేవాళ్లు.”

“నూనె రాసుకుంటే పట్టు చిక్కది గద.”

“అందుకే పైన మట్టి చల్లుకునేవాళ్లు.”

“రాసుడెందుకు, సల్లుడెందుకు. పనిలేని పని,” అని నవ్వుతూనే రాసుకున్నాడు.

అఫ్జల్ తొడ మీద చరిచి దిగాడు. ఇద్దరూ కలబడ్డారు. అప్పటిదాకా నేను చదివిందంతా అక్షరాలే. నూనె పట్టిన వొళ్లు ఒకదానికొకటి తగిలితే తడిబట్ట బండకేసి కొట్టినట్టు చప్పుడు. పట్టు జారినప్పుడల్లా గాలి కోసినట్టు ముక్కులోంచి ఊపిరి. పాదాలు మట్టిని తోస్తుంటే బరబరమనే రాపిడి. మాటల్లేవు. అంత పెద్ద మనుషులు ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించి, కదలకుండా, అవతలివాడి గుండె చప్పుడు వింటున్నట్టు నిలబడ్డ క్షణాలున్నాయి. చెమటతో మట్టి ముందు నల్లబడింది, తర్వాత మెరిసింది.

ఆట ఆగాక, మా షెడ్డులోనే ఇత్తడితో చేయించిన వంపు బద్ద ఇచ్చాను. అఫ్జల్ మల్లేశం వీపు మీద పైనుంచి కిందికి లాగాడు. బద్ద వెళ్లినంత మేరా చర్మం కొత్తగా బయటపడింది. బద్ద అంచున బూడిదరంగు మడ్డి పేరుకుంది. దాన్ని నేను గాజు సీసాలోకి తీసుకుంటుంటే మల్లేశం సిగ్గుపడిపోయాడు.

“ఛీ మేడం, గది ముట్టకుండ్రి.”

వాసన చూశాను. ముందు పచ్చి నూనె చేదు. దాని వెనక వానకు తడిసిన మట్టి. అన్నిటికంటే అడుగున ఉప్పు, ఇనుము, కోసిన ఉల్లిపాయ. ఏ హోటలు హాలులోనూ ఇది దొరకదు.

“నిజంగ గిదే వాసన పెడ్తరా మేడం జనానికి?” అడిగాడు.

“పెట్టాలనే నా ప్రయత్నం.”

అతను కాసేపు బద్దను తిప్పి తిప్పి చూశాడు. “దినాం వచ్చేది గిదే కంపు. గంత పెద్దోళ్ల ముంగట నిలబడేనాడన్న సెంటు కొట్టుకొని రానియ్యరా?”

నేను సీసా మూత బిగించాను.

ముక్కు పెట్టిన పెద్దలు

సీసా మీటింగుకు తీసుకెళ్లాను. మొదట ఇంతియాజ్‌కు ఇచ్చారు. మూత తీసి, అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని, నిండుగా పీల్చాడు.

“ముందు నిమ్మ వస్తా ఉంది. ఆ ఎనకాల మల్లెపూల మాదిరి సన్నంగా తీపి. బాగుందక్కా. కాకపోతే ఇంకా పదును పెట్టాల,” అన్నాడు.

ఇద్దరు వస్తాదుల వీపుల మీంచి గీకిన మడ్డిలో మల్లెపూలు. నన్ను వెక్కిరిస్తున్నాడేమో అనుకుని మొహంలోకి చూశాను. వెక్కిరింపు లేదు. చాలా గంభీరంగా ఉన్నాడు. వట్టి మోసగాడని ఆ క్షణంలో తీర్మానించేశాను.

తెల్లకోటమ్మ సీసాను ముక్కుదాకా కూడా రానివ్వలేదు. బారెడు దూరం నుంచే తల వెనక్కి తీసుకుంది.

“ఇది కార్మికుల బస్సు వాసన. పొద్దున సిగ్నల్ దగ్గర మా కారు పక్కన ఆగే బస్సు సరిగ్గా ఇదే,” అని ఇంగ్లీషులో అంది. అందరూ నవ్వారు. చెక్క పలకలు మోసుకొచ్చి తలుపు దగ్గర ఆగిన మల్లేశం కూడా నవ్వాడు. బస్సు అన్న మాట అతనికి అర్థమైంది. అలాంటి బస్సులోంచే దిగి వచ్చాడు.

రెండువేల ఏళ్ల కిందటి చెమట అయితే వీళ్లకు నాగరికత. దానికి అద్దాల పెట్టె కావాలి, పైనుంచి పడే లైటు కావాలి. అదే చెమట ఇవాళ పొద్దున పుట్టిందైతే కారు అద్దం పైకెత్తుతారు. నేను ఆ మాట అక్కడే అన్నాను. చక్రధర్ గారు “మేడమ్ చాలా ప్యాషనేట్ అండి” అని వాళ్లకు అనువాదం చేశారు.

చివరికి ఖాయమైంది చందనం, ఊద్ అనే అగరు, నిమ్మతొక్క కలిపిన ఒక పరిమళం. దాని పేరు ‘విజేత’. నా సీసా చెత్తబుట్టలోకి పోయింది.

బలిపీఠం పొగ

ప్రారంభానికి ముందురోజు సాయంత్రం ముఖ్యమైన అతిథులను పిలిచారు. హాలు చివర నల్ల తెరలు కట్టిన చిన్న గది ఉండేది. అది గ్రీకుల పెద్ద దేవుడు జియస్ బలిపీఠం. లోపల ఒక వేడిపలక, దాని మీద సుగంధ తైలం, వెనక ఫ్యాను. తైలం వేడెక్కి, తేలికగా పొగ వచ్చి, కొవ్వు కాలిన వాసన అందులో లీలగా తగలాలి. పొగ వస్తుంది కాబట్టి ఆ గది పైన ఉన్న, పొగ తగిలితే మోగే గంటను ఆ పూటకు ఆపించారు. అది నాకు తర్వాత తెలిసింది.

అతిథులు రాకముందు ఇంతియాజ్ ఆ గదిలో నిలబడి, “వాసన రావడంలా, వేడి పెంచు” అంటే మల్లేశం మీట తిప్పాడు. “ఇంకా రావడంలా” అంటే ఇంకొంచెం తిప్పాడు. నేను అప్పుడు బయట ఇసుక వలయం దగ్గర ఉన్నాను. ఆ మాటలు చెవిన పడ్డాయి కానీ పట్టించుకోలేదు.

అతిథులు వచ్చారు. మల్లేశం, అఫ్జల్ నూనె రాసుకుని, ‘విజేత’ కొట్టుకుని, ఇసుకలో నిలబడ్డారు. వాళ్లను రెండు నిమిషాలు చూసి, ఫోన్లలో ఫొటోలు తీసుకుని, అందరూ ఇంతియాజ్ వెంట నల్ల గదిలోకి వెళ్లారు. కాసేపటికి నాకు మాడిన ప్లాస్టిక్ వాసన తగిలింది. అది కనిపెట్టడానికి ఏ నిపుణతా అక్కర్లేదు. ఇస్త్రీపెట్టె తీగ కాలిన ఇంట్లో ఎవరికైనా తెలుస్తుంది.

తెర తోసుకుని లోపలికి వెళ్లాను. నల్లటి పొగ పైకప్పు నుంచి నడుము ఎత్తుదాకా దిగి ఉంది. వేడిపలక వెనక వైరు తొడుగు కరిగి కారుతోంది. దానికి జానెడు దూరంలో ఇంతియాజ్ కళ్లు మూసుకుని నిలబడి, “గాఢంగా పీల్చండి. ప్రాచీనులు దేవుడికి పంపిన పొగ ఇది,” అని ఇంగ్లీషులో చెబుతున్నాడు. చుట్టూ సూట్లు వేసుకున్న పెద్దలు కళ్లలో నీళ్లు కారుతుంటే గాఢంగా పీలుస్తున్నారు. ఒకాయన దగ్గుతూనే “చాలా శక్తిమంతంగా ఉంది” అన్నాడు. ఒక్కరు కూడా బయటికి రాలేదు. నిపుణుడు చెప్పాక తమ గొంతు మంట తమకే తప్పుగా తోచి ఉంటుంది.

ప్లగ్గు పీకేశాను. “ఇది ప్రదర్శన కాదు, వైరు కాలుతోంది. బయటికి నడవండి,” అన్నాను. అప్పటికీ ఒకరిద్దరు ఇది కూడా కార్యక్రమంలో భాగమేనేమోనని ఇంతియాజ్ మొహం చూశారు.

తెల్లకోటమ్మకు ఉబ్బసం ఉందని ఎవరికీ తెలియదు. గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కిందికి జారిపోయింది. చప్పుడు విని వచ్చిన మల్లేశం వంగి ఆవిడను భుజాన వేసుకున్నాడు. నూనె, మట్టి, చెమట, పైన చందనం పట్టిన ఆ భుజం మీద ఆవిడను హాలు బయటికి మోసుకెళ్లి, గాలి తగిలే చోట కూర్చోబెట్టాడు. ఆవిడ సంచిలో వెతికి మందు పీల్చే గొట్టం చేతికిచ్చింది నేను. కాసేపటికి ఆవిడకు ఊపిరి అందింది. తెల్ల సూటు ముందువైపంతా ఎర్రమట్టి మరక.

నేను ఇంతియాజ్ కోసం వెనక్కి వెళ్లాను. అతను ఇంకా నల్ల గది గుమ్మంలోనే ఉన్నాడు. పొగ మొహం మీదికి వస్తుంటే కళ్లు మండుతున్నాయి కాబట్టి రుద్దుకుంటున్నాడు. ముక్కు మాత్రం మూసుకోలేదు. అప్పుడు నాకు నిమ్మ, మల్లె గుర్తొచ్చాయి.

సామాను దించే వాకిట్లో

మర్నాడు పొద్దున భవనం వెనక లారీలు ఆగే చోట అతను ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

“ఎప్పటినుంచి?” అన్నాను.

దబాయిస్తాడనుకున్నాను. తల కూడా ఎత్తలేదు.

“కరోనా మొదట్లోనే వచ్చిందక్కా నాకు. అది పోయింది, ముక్కును కూడా ఎత్తుకోని పోయింది. డాక్టర్లేమో వస్తాది వస్తాదంటా ఉండారు.”

“మరి హోటళ్లకు చేసినవి?”

“జ్ఞాపకంతోనే. ఏది ఎంత ఏస్తే ఏం వస్తాదో నా తలకాయలో ఉంది. కలిపి ఇచ్చేస్తా. వాళ్లు బాగుందంటే బాగున్నట్టే. ఒక్కరన్నా బాగలేదని అనలా.”

“నువ్వు కళ్లు మూసుకుంటావు. అందుకే అనరు.”

“ఎవురికీ చెప్పబాకండక్కా. నా కూడు ఇదే.”

“చెప్పాలని నాకూ లేదు. కానీ చక్రధర్ గారు నిన్నటిదంతా మల్లేశం మీద పెడుతున్నారు. మీట తిప్పింది అతనే కదా అంటున్నారు. వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తారట. నీ కూడు నిలవాలంటే అతని కూడు పోవాలి. ఆ మీటింగు కాసేపట్లో ఉంది. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను.”

ఒక లారీ వెనక్కి వస్తుంటే అతను లేచి పక్కకు జరిగాడు, అంతే.

మీటింగులో చక్రధర్ గారు, కోలుకుని వచ్చిన తెల్లకోటమ్మ, ఇంతియాజ్, నేను. మల్లేశాన్ని బయట కూర్చోబెట్టారు.

“వేడి పెంచింది మా వర్కరండి. అతన్ని పంపించేస్తున్నాం. ఇంక ఖలాస్,” అని చక్రధర్ గారు ముగించబోయారు.

నేను నోరు తెరిచేలోపల ఇంతియాజ్ మాట్లాడాడు. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి.

“పెంచమన్నది నేను. రొండోసారి కూడా నేనే పెంచమన్నా. నాకు వాసన తెలవలా. ఆ వాసనే కాదు, ఏ వాసనా నాకు తెలవదు. కరోనా కాడినుంచీ అంతే.” ఆ మాటే మళ్లీ ఇంగ్లీషులో ఆవిడకు చెప్పాడు.

అతని మీద నాకున్న చులకన ఆ మాటలతో ఎటు పోయిందో నాకే తెలియదు. బతుకుదెరువును తన నోటితో తానే పడగొట్టుకోవడం అంత తేలిక కాదు.

తెల్లకోటమ్మ ముందుగా తేరుకుంది. “ఈ సంగతి ఈ గది దాటడానికి వీల్లేదు. ఈయన పేరు పోస్టర్లన్నిటి మీదా ఉంది,” అంది.

“కరెక్టండి. టెక్నికల్ ఇష్యూ అని చెప్పేద్దాం. ఎవరి తప్పూ లేదు,” అన్నారు చక్రధర్ గారు.

మల్లేశం ఉద్యోగం అలా నిలిచింది. దాన్ని న్యాయం కాపాడిందని పొరపాటు పడకండి. అచ్చయిపోయిన పోస్టర్లు కాపాడాయి. లేచి వెళుతూ తెల్లకోటమ్మ ఇంకో షరతు పెట్టింది. వస్తాదుల చుట్టూ తాడు కట్టాలట. వాళ్లు సందర్శకులను తాకకూడదట. నిన్న ఎవరి భుజం మీద బయటికి వచ్చిందో ఆవిడకు గుర్తులేదని నేను అనుకోను. బాగా గుర్తుంది కాబట్టే ఆ తాడు.

అందరూ వెళ్లాక చక్రధర్ గారు తలుపు దగ్గరికి వేసి నాతో అన్నారు.

“ఇకముందు ఒక పద్ధతి పెట్టుకుందామండి. వాసన మీరు చూడండి. పేరు ఆయనది ఉంటుంది.”

“నా ముక్కు, ఆయన పేరు.”

“టీమ్ వర్క్ అండి.”

“మీరు ఎవరి ముక్కుతో బతుకుతున్నారో కనుక్కోండి ముందు,” అన్నాను. రిటైర్మెంటుకు ఇంకా కొంత గడువుంది. ఆ ప్రదర్శన ముగిసేదాకా ఆగి, ఇక ఆగకుండా ముందే పని మానేశాను.

ప్రదర్శనకు జనం విరగబడి వచ్చారు. అలల హోరులో నడిచి, చందనం పీల్చి, గ్రీకులు ఎంత శుభ్రమైన మనుషులో అని మెచ్చుకుని వెళ్లారు. తాడు లోపల మల్లేశం మీసం దువ్వుకుని ఫొటోలకు నిలబడ్డాడు. అతని ఆనందం చూశాక నా గొడవ అతనికి చెప్పాలనిపించలేదు.

కరామాలో భోజనం

కొన్నాళ్లకు ఇంతియాజ్ ఫోన్ చేశాడు. తర్వాత వచ్చిన పనులు తనే వదిలేసుకున్నాడట. అజ్మాన్‌లో చుట్టాల బట్టల కొట్టు చూసుకుంటున్నాడు. “అక్కా, కరామాలో మా నెల్లూరోళ్లు హోటలు పెట్టినారు. చేపల పులుసు చేస్తారంట. మీరు రాండి,” అన్నాడు. ఎందుకో కాదనలేకపోయాను.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక వెళ్లి కూర్చున్నాం. పులుసు గిన్నె వచ్చింది. అతను వడ్డించుకోలేదు. గిన్నెను నావైపు జరిపాడు.

“ఉప్పు, పులుపు, కారం నాలిక్కి తెలస్తాయి. మిగతాది మీరు చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నిమ్మా మల్లే వొద్దు.”

అన్ని ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ అలా అడగలేదు. వంగి వాసన చూశాను. తొందరపడకుండా చెప్పాను.

“చింతపండు ముందు వస్తోంది, పాతది, నల్లది. మామిడికాయ ముక్కలు వేశారు కానీ ఉడికిపోయి వాసన లేదు. చేప తాజాదే. కరివేపాకు చివర్లో వేశారు, పచ్చిగా తెలుస్తోంది. అడుగున కొంచెం చేదు వాసన. మెంతులు మాడాయి.”

కళ్లు మూసుకోకుండా, నా నోటివైపే చూస్తూ విన్నాడు. మెంతుల మాట దగ్గర అతని మొహం మారిపోయింది.

“మెంతులు మాడినాయా?”

“కొంచెమే.”

“కొంచెమేందక్కా. మెంతులు మాడితే ఇంకేం పులుసు?” అని చేయెత్తి సర్వరును పిలిచాడు. “ఇదిగో తమ్ముడూ, లోపల చెప్పు. మెంతులు మాడగొట్టినారు. నెల్లూరు పేరు పెట్టుకోని ఇట్టా చేయబాకండని చెప్పు.”

సర్వరు లోపలికి వెళ్లి, వంటాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, “నిజమే సార్, మంట ఎక్కువైంది. ఇంతమంది తిన్నారు, ఒక్కరూ కనిపెట్టలా. మీ ముక్కు మామూలు ముక్కు కాదు,” అన్నాడు.

ఇంతియాజ్ గంభీరంగా తల ఊపి, గిన్నె దగ్గరికి లాక్కుని అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. నేను కిక్కురుమనలేదు.